కృత్తికల దూరం మీరే కొలవండి: గయా టెలిస్కోప్ డేటాతో మొదటి నుంచి చివరిదాకా

నక్షత్రాల స్థానాలు కొలవడం కోసమే అంతరిక్షంలోకి పంపిన టెలిస్కోప్‌లు ఇప్పటిదాకా రెండే. రెండూ ఐరోపా అంతరిక్ష సంస్థవే. మొదటిది హిప్పార్కోస్, 1989 ఆగస్టులో వెళ్లింది. రెండోది గయా. 2013 డిసెంబర్ 19న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి సోయుజ్ రాకెట్ మీద వెళ్లి, 2025 జనవరి 15 దాకా ఆకాశాన్ని కొలిచింది. అదే ఏడాది మార్చి 27న దాన్ని పూర్తిగా ఆపేశారు. టెలిస్కోప్ ఆగిపోయినా దాని కొలతలు మాత్రం అందరికీ అందుబాటులో ఉన్నాయి. పైసా ఖర్చు లేదు, అనుమతి అడగక్కర్లేదు. డిగ్రీ చదివే విద్యార్థి అయినా, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ఆకాశం చూసే మనిషి అయినా, పరిశోధకులు వాడే పట్టికనే వాడొచ్చు.

ఆ పట్టికతో కృత్తికా నక్షత్రాల దూరం మీరే కొలవడం ఎలాగో ఇక్కడ చెబుతాను. మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే గుంపే ఇది. కార్తీక మాసంలో చీకటి పడగానే తూర్పున కనిపిస్తుంది. దీన్ని ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. హిప్పార్కోస్ కొలతల ప్రకారం ఈ గుంపు సుమారు 120 పార్సెక్‌ల దూరంలో ఉంది (ఒక పార్సెక్ అంటే 3.26 కాంతి సంవత్సరాలు). మిగతా పద్ధతులన్నీ 133 నుంచి 136 దగ్గర తేలాయి. ఒకే గుంపుకి రెండు దూరాలు ఉండవు కాబట్టి ఎవరో ఒకరు తప్పు. ఈ గొడవ దాదాపు ఇరవై ఏళ్లు నడిచింది. గయా డేటాతో దాన్ని మీ లాప్‌టాప్ మీదే తేల్చుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. గయా పట్టికలో దూరం ఉండదు, పారలాక్స్ ఉంటుంది. అంటే దూరం లెక్కగట్టడానికి వాడే ఒక చిన్న కోణం, కింద వివరంగా చెబుతాను. దాని పక్కనే ఆ కొలత ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే ఎర్రర్ కూడా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పారలాక్స్ తీసుకుని, పక్క కాలమ్ వదిలేసి, దూరం లెక్కగట్టేస్తారు. అసలు పనంతా ఆ పక్క కాలమ్‌లోనే ఉంది.

టెలిస్కోప్ ఎలా కొలిచిందో ముందు తెలుసుకోండి

దీన్ని దాటేసి నేరుగా డేటాకి వెళ్లిపోవాలనిపిస్తుంది. వెళ్లకండి. పరికరం తెలియకపోతే అది ఎక్కడ పొరపాటు పడుతుందో తెలియదు.

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతున్నప్పుడు, దగ్గరి నక్షత్రం దూరపు నక్షత్రాల మధ్య ఏడాదికోసారి అటూ ఇటూ ఊగినట్టు కనిపిస్తుంది. ఆ ఊపులో సగమే పారలాక్స్. మొదటిసారి దీన్ని నమ్మకంగా కొలిచి 1838లో ప్రకటించినవాడు జర్మన్ ఖగోళవేత్త బెసెల్. ఆయన కొలిచిన 61 సిగ్ని నక్షత్రం పారలాక్స్ ఒక ఆర్క్‌సెకండ్‌లో (డిగ్రీలో 3,600వ వంతు) మూడో వంతు కూడా లేదు. కృత్తికలది అంతకంటే చాలా తక్కువ, సుమారు 7.4 మిల్లీ ఆర్క్‌సెకండ్లు (ఆర్క్‌సెకండ్‌లో వెయ్యో వంతులు). హైదరాబాద్ నుంచి చూస్తే విజయవాడలో ఒకరి చిటికెన వేలి గోరు ఎంత కోణంలో కనిపించాలో, దాదాపు అంత. ప్రకాశవంతమైన నక్షత్రాలకి గయా ఎర్రర్ ఆ గోరులో మూడు వందలో వంతు.

నేల మీది నుంచి ఇంత సూక్ష్మంగా ఆకాశమంతా కొలవడం కుదరదు. గాలి వల్ల నక్షత్రపు చుక్క సుమారు ఒక ఆర్క్‌సెకండ్ మేర అలుక్కుపోతుంది. టెలిస్కోప్ తన బరువుకే వంగుతుంది. పైగా ఏ ఒక్క చోటి నుంచీ ఆకాశం మొత్తం ఒకేలా కనిపించదు.

ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది చాలామందికి తట్టదు. చిన్న ముక్క ఆకాశాన్ని మాత్రమే చూస్తే, అందులోని నక్షత్రాలన్నీ పారలాక్స్ వల్ల ఒకే దిక్కుకి జరుగుతాయి. అప్పుడు ఒకదానికంటే ఇంకొకటి ఎంత ఎక్కువ జరిగిందో తెలుస్తుంది కానీ, అసలు ఎంత జరిగిందో తెలియదు. అందుకే హిప్పార్కోస్ లాగే గయా కూడా ఒకేసారి రెండు దిక్కులు చూసేది. గయాలో రెండు టెలిస్కోప్‌లు 106.5 డిగ్రీల ఎడంగా ఉన్నాయి, రెండింటి బొమ్మలూ ఒకే కెమెరా మీద పడతాయి. అంత దూరంగా ఉన్న రెండు దిక్కుల్లో పారలాక్స్ ఊపు ఒకే క్షణంలో వేర్వేరుగా ఉంటుంది కాబట్టి అసలు విలువ బయటపడుతుంది. ఈ రంగంలో ఇంతకంటే అందమైన ఆలోచన నాకు ఇంకొకటి కనిపించలేదు.

భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎల్2 అనే బిందువు దగ్గర ఉండి గయా ఆరు గంటలకోసారి తన చుట్టూ తాను తిరిగేది. తిరుగుతుంటే నక్షత్రం బొమ్మ 106 సీసీడీల (కాంతిని నమోదు చేసే కెమెరా చిప్‌ల) మీదుగా జారుతూ పోతుంది. మొత్తం దాదాపు 94 కోట్ల పిక్సెళ్లు. చుక్క జారే వేగంతోనే సీసీడీలోని చార్జ్‌ని కూడా జరుపుతూ పోయారు. నక్షత్రం ఏ క్షణంలో గీత దాటిందన్నదే కొలత. నిజానికి గయా కొలిచింది సమయాన్ని, కోణం దాని నుంచి వచ్చింది.

ఇదంతా ఆ 106.5 డిగ్రీలు కదలకుండా ఉంటేనే. కానీ అంతరిక్షంలోకి వెళ్లాక చూస్తే ఆ కోణం ప్రతి భ్రమణంలోనూ సుమారు ఒక మిల్లీ ఆర్క్‌సెకండ్ మేర అటూ ఇటూ ఊగుతోందని తేలింది. అనుకున్నదానికంటే అది చాలా ఎక్కువ. లోపల అమర్చిన లేజర్ పరికరం ఆ ఊపుని నిరంతరం కొలుస్తూ ఉండటంతో లెక్కల్లో సరిదిద్దగలిగారు. చాలావరకు సరిదిద్దారు, మొత్తం కాదు. మిగిలిన ఆ కాస్తే నాలుగో అడుగులో మనకి పని పెడుతుంది.

మొదటి అడుగు: కావలసినవి

ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ చాలు. గ్రాఫ్‌లు గీయడానికి టాప్‌క్యాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దింపుకోండి. ఖగోళ పట్టికల కోసమే చేసింది, లక్షల వరుసలున్నా తడబడదు. పైథాన్ వస్తే అదీ బాగుంటుంది. ఎక్సెల్‌తో కూడా పని అవుతుంది గానీ విసుగు పుడుతుంది.

రెండో అడుగు: డేటా తెచ్చుకోవడం

గయా ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో సెర్చ్ పేజీకి వెళ్లండి. పట్టికల్లో గయా డీఆర్3 కింద ఉన్న గయా సోర్స్ అనే ప్రధాన పట్టిక ఎంచుకోండి. 2022 జూన్ 13న విడుదలైన ఈ మూడో డేటా విడతలో దాదాపు 181 కోట్ల నక్షత్రాలు, ఇతర వస్తువులు ఉన్నాయి. వాటిలో సుమారు 146 కోట్లకి స్థానం, పారలాక్స్, సొంత కదలిక (నక్షత్రం ఆకాశంలో ఏడాదికి ఎంత జరుగుతుందో) మూడూ ఇచ్చారు. పోలిక కోసం, హిప్పార్కోస్ జాబితాలో ఉన్నవి 1,18,218.

పేరు అడిగే చోట ఎం45 (ఖగోళ జాబితాలో కృత్తికల పేరు) అని ఇస్తే సైటే స్థానం వెతుక్కుంటుంది. స్థానం మీరే ఇవ్వాలనుకుంటే విషువాంశం 56.75 డిగ్రీలు, క్రాంతి 24.12 డిగ్రీలు (భూమి మీది రేఖాంశం, అక్షాంశం లాంటివే ఇవి, ఆకాశానికి). వ్యాసార్ధం 2 డిగ్రీలు పెట్టండి. యూనిట్ డిగ్రీలేనా అని ఒకసారి చూసుకోండి, అక్కడ ఆర్క్‌సెకండ్లు ఉండిపోతే ఖాళీ పట్టిక వస్తుంది. ఫలితాల వరుసల మీద పరిమితి ఉంటే పెంచండి. లేకపోతే మొదటి కొన్ని వందల వరుసలే వచ్చి, అదే మొత్తం అనుకునే ప్రమాదం ఉంది.

కాలమ్‌లలో ఇవి టిక్ చేయండి: విషువాంశం, క్రాంతి, పారలాక్స్, పారలాక్స్ ఎర్రర్, సొంత కదలిక రెండు కాలమ్‌లు, జీ మాగ్నిట్యూడ్ (ప్రకాశపు అంకె, ఎంత చిన్నదైతే అంత ఎక్కువ ప్రకాశం), బీపీ-ఆర్‌పీ అనే రంగు, రూవే (ఇదేమిటో మూడో అడుగులో చెబుతాను). అదనపు షరతులుగా రెండే పెట్టండి. ఒకటి, జీ మాగ్నిట్యూడ్ 6 నుంచి 17 మధ్య. రెండు, పారలాక్స్ 4 నుంచి 12 మధ్య.

ఈ రెండో షరతు అంత వెడల్పుగా ఎందుకంటే, ఇక్కడే చాలామంది తెలియకుండా జవాబుని ముందే రాసేసుకుంటారు. కృత్తికల పారలాక్స్ 7.4 అని ఎక్కడో చదివి, 7 నుంచి 7.8 దాకా ఉన్నవే దింపుకుంటే, సగటు 7.4 రాక ఇంకేం వస్తుంది? మీ షరతుల్లో హిప్పార్కోస్ చెప్పిన 8.3కి (అంటే 120 పార్సెక్‌లకి) కూడా గెలిచే అవకాశం ఉండాలి. 4 నుంచి 12 అంటే రెండు వాదాలకీ సమానంగా చోటిచ్చినట్టే.

ఫలితాన్ని సీఎస్‌వీగా గానీ, టాప్‌క్యాట్ నేరుగా చదివే వీఓ టేబుల్‌గా గానీ సేవ్ చేసుకోండి.

మూడో అడుగు: గుంపుని విడదీయడం

దింపుకున్నవాటిలో కృత్తికలకి సంబంధం లేనివి బోలెడు ఉంటాయి. ఒకే దిక్కులో ఉన్నంత మాత్రాన చుట్టాలు కావు. దీనికి మంచి ఉదాహరణ పక్కనే ఉంది. రోహిణి నక్షత్రం హయడీస్ గుంపు మధ్యలో మెరుస్తూ కనిపిస్తుంది కానీ దాని దూరం సుమారు 20 పార్సెక్‌లు, ఆ గుంపు దాదాపు 47 పార్సెక్‌ల దూరంలో ఉంది.

చుట్టరికం తేల్చేది కదలిక. ఒకే మేఘంలో కలిసి పుట్టిన నక్షత్రాలు కలిసే ప్రయాణిస్తాయి. టాప్‌క్యాట్‌లో అడ్డంగా విషువాంశ దిశలో సొంత కదలిక, నిలువుగా క్రాంతి దిశలో సొంత కదలిక పెట్టి చుక్కలు వేయండి. సున్నా చుట్టూ పెద్ద మబ్బులా ఒక గుంపు ఉంటుంది, అవి మామూలు నక్షత్రాలు. దానికి దూరంగా, కుడివైపు కింద, సుమారు (20, -45.5) దగ్గర చిన్న చిక్కటి ముద్ద కనిపిస్తుంది. అవే కృత్తికలు. మొదటిసారి దీన్ని స్క్రీన్ మీద చూసినప్పుడు కలిగే ఆనందం వేరు. ఆకాశంలో మన కంటికి ఆరో ఏడో కనిపించే గుంపు వెనక వందల నక్షత్రాలు ఒకే దారిలో నడుస్తున్నాయని మీ కళ్లే మీకు చెబుతాయి.

మొదటి కదలిక 15 నుంచి 25, రెండోది -50 నుంచి -40 ఉన్నవి మాత్రమే ఉంచండి. ఈ యూనిట్ ఏడాదికి మిల్లీ ఆర్క్‌సెకండ్లు. ఇలా చేశాక మీ దగ్గర కొన్ని వందల నక్షత్రాలు మిగులుతాయి.

తర్వాత రూవే కాలమ్ చూడండి. ఒంటరి నక్షత్రపు కదలికకి వేసిన లెక్క, గయా కొలతలతో ఎంత బాగా సరిపోయిందో అది చెబుతుంది. 1 దగ్గరుంటే బాగా కుదిరిందని అర్థం. 1.4 దాటితే తీసేయండి. చాలాసార్లు అలాంటి నక్షత్రానికి జంట ఉంటుంది, దాని లాగుడికి ఇది తడబడుతూ నడుస్తుంది. మనకి ఈ పనిలో అవి అడ్డు గానీ, వేరే వాళ్లకి అవే నిధి. సూర్యుడికి సుమారు 33 రెట్ల ద్రవ్యరాశి ఉన్న గయా బీహెచ్3 అనే కృష్ణబిలం 2024లో బయటపడింది ఒక నక్షత్రం ఇలా తడబడటం వల్లే.

నాలుగో అడుగు: పారలాక్స్ తేల్చడం

మిగిలిన నక్షత్రాల పారలాక్స్‌లతో హిస్టోగ్రామ్ (ఏ విలువ దగ్గర ఎన్ని ఉన్నాయో చూపే గ్రాఫ్) గీయండి. 7.4 దగ్గర నిటారుగా ఒక శిఖరం వస్తుంది. 8.3 దగ్గర అలాంటిదేమీ ఉండదు. వివాదం అక్కడికక్కడే తేలిపోయినట్టే, అయినా లెక్క పూర్తి చేద్దాం.

సగటు కంటే మీడియన్ (విలువలన్నీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) తీసుకోండి. కదలిక కలిసి యాదృచ్ఛికంగా లోపలికి వచ్చిన బయటి నక్షత్రాలు కొన్ని ఎప్పుడూ ఉంటాయి, అవి సగటుని లాగేస్తాయి గానీ మీడియన్‌ని పెద్దగా కదిలించలేవు. మీకు 7.35 నుంచి 7.4 మధ్య విలువ రావాలి.

ఇప్పుడు ఆ మిగిలిపోయిన పొరపాటు సంగతి. క్వేసార్‌లు, అంటే ఎంతో దూరపు గెలాక్సీల ప్రకాశవంతమైన కేంద్రాలు, మరీ దూరంగా ఉంటాయి కాబట్టి వాటి పారలాక్స్ దాదాపు సున్నా ఉండాలి. గయా కొలతల్లో వాటి మీడియన్ -0.017 మిల్లీ ఆర్క్‌సెకండ్లు వచ్చింది. అంటే త్రాసు ముల్లు సున్నా దగ్గర కాస్త కిందికి ఉంది. ఈ తేడా నక్షత్రపు ప్రకాశం, రంగు, ఆకాశంలో స్థానాన్ని బట్టి మారుతుంది. దాన్ని నక్షత్రం వారీగా లెక్కించే పైథాన్ కోడ్‌ని గయా బృందమే ఇచ్చింది. కోడ్ వద్దనుకుంటే, ఈ ప్రకాశపు నక్షత్రాలకి తేడా సుమారు 0.02 నుంచి 0.05 దాకా ఉంటుందని గుర్తుంచుకుని 0.03 కలపండి. కలపాలి, తీసేయకూడదు. పట్టికలోని విలువ అసలు కంటే తక్కువగా ఉంది కదా.

దూరం = 1000 ÷ పారలాక్స్. పారలాక్స్ మిల్లీ ఆర్క్‌సెకండ్లలో ఇస్తే దూరం పార్సెక్‌లలో వస్తుంది. 7.38 అయితే 135.5 పార్సెక్‌లు. 3.26తో గుణిస్తే సుమారు 442 కాంతి సంవత్సరాలు.

దీని ఎర్రర్ ఎంత? ఒక్కో నక్షత్రపు ఎర్రర్ 0.03 అనుకుని, 300 నక్షత్రాలున్నాయి కాబట్టి 300 వర్గమూలంతో భాగిస్తే 0.002 వస్తుంది. పుస్తకాల్లో నేర్చుకున్న లెక్క అదే. ఇక్కడ అది చెల్లదు. పక్కపక్కన ఉన్న నక్షత్రాలని గయా దాదాపు ఒకే సమయాల్లో, ఒకే పరిస్థితుల్లో కొలిచింది కాబట్టి వాటి పొరపాట్లు కూడా ఒకే వైపుకి ఉంటాయి. ఎన్ని వందల నక్షత్రాలు కలిపినా సుమారు 0.01 కంటే కిందికి దిగదు. హిప్పార్కోస్ విషయంలో కూడా వాదన అంతా ఇలాంటి కలిసికట్టు పొరపాట్ల చుట్టూనే తిరిగింది. 0.01 అంటే కృత్తికల దూరంలో దాదాపు 0.2 పార్సెక్. అదీ తక్కువేం కాదు, గొప్ప కొలతే.

మీ జవాబుని వేరే దారిలో వచ్చినవాళ్లతో పోల్చుకోండి. హబుల్ టెలిస్కోప్‌తో 2005లో మూడు నక్షత్రాలని కొలిస్తే 134.6 వచ్చింది. దూరదూరంగా ఉన్న రేడియో టెలిస్కోప్‌లని కలిపి 2014లో కొలిస్తే 136.2. ఇవి రెండూ గయా డేటా రాకముందువి. మూడు పరికరాలు, మూడు పద్ధతులు ఒకే చోట కలిశాయి.

ఈ 16 పార్సెక్‌ల తేడాకి అంత ఎందుకు పట్టింపు అంటే, 120 నిజమైతే ఈ నక్షత్రాలు మనం అనుకున్నదానికంటే నిజంగా 20 శాతానికి పైగా మసకబారినవి కావాలి. నక్షత్రాలు ఎలా మండుతాయన్న మన అవగాహనలోనే ఎక్కడో లోపం ఉందని ఒప్పుకోవాల్సి వచ్చేది.

ఐదో అడుగు: వేగం

ఇది ఒక్క లైనులో అయిపోతుంది. రెండు కదలికల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే ఏడాదికి సుమారు 49.7 మిల్లీ ఆర్క్‌సెకండ్లు. దాన్ని 4.74తో గుణించి పారలాక్స్‌తో భాగించండి. సెకనుకి దాదాపు 32 కిలోమీటర్లు వస్తుంది, మన చూపుకి అడ్డంగా. పట్టికలోని విషువాంశ కదలికలో క్రాంతి కొసైన్ ముందే కలిపి ఉంటుంది, మళ్లీ గుణించకండి.

సొంత కదలిక కొలతకి వ్యవధి ఎంత ఎక్కువుంటే అంత మంచిది. ఇక్కడ హైదరాబాద్ పేరు తప్పకుండా చెప్పుకోవాలి. ఆకాశమంతా ఫోటో తీసి నక్షత్రాల జాబితా చేయాలని 19వ శతాబ్దం చివర్లో పారిస్ నుంచి మొదలైన అంతర్జాతీయ ప్రయత్నంలో, బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ పాలుపంచుకుంది. దక్షిణాన -17 నుంచి -23 డిగ్రీల పట్టీ దాని వంతు. గాజు ప్లేట్ల మీది చుక్కలని ఒక్కొక్కటిగా కొలిచి లక్షల నక్షత్రాల స్థానాలు అచ్చు వేశారు. 2000లో హిప్పార్కోస్ ఉపగ్రహ డేటా నుంచి 25 లక్షల నక్షత్రాలతో టైకో-2 జాబితా తయారైనప్పుడు, సొంత కదలికల కోసం పాత స్థానాలుగా వాడింది ఆ ఫోటో జాబితానే, దానితోపాటు మరెన్నో నేల మీది జాబితాలని. కృత్తికలు ఉత్తరాన ఉన్నాయి కాబట్టి మన పట్టీలోకి రావు. కానీ ఆ పట్టీలోని ఎన్నో నక్షత్రాల కదలిక లెక్కలో బేగంపేట ప్లేట్ల కష్టం ఉంది.

ఆరో అడుగు: అసలు ప్రకాశం, రంగు

అడ్డంగా బీపీ-ఆర్‌పీ రంగు, నిలువుగా అసలు మాగ్నిట్యూడ్ (నక్షత్రం 10 పార్సెక్‌ల దూరంలో ఉంటే కనిపించే ప్రకాశం) పెట్టి గ్రాఫ్ గీయండి. అసలు మాగ్నిట్యూడ్ = జీ + 5 × లాగ్(పారలాక్స్) - 10. కృత్తికలకైతే జీ నుంచి సుమారు 5.66 తీసేస్తే చాలు. నిలువు అక్షాన్ని తిరగేయడం మరిచిపోకండి, చిన్న అంకె పైన ఉండాలి. ఎడమ పైనుంచి కుడి కిందికి సన్నటి గీతలా నక్షత్రాలు వరుస కడతాయి. ఆ గీతకి కాస్త పైన సమాంతరంగా పల్చటి ఇంకో గీత కనిపిస్తే అవి జంట నక్షత్రాలు. రెండింటి వెలుగూ కలిసి ఒకే చుక్కగా నమోదై పైకి జరిగాయి.

ఈ లెక్క ఎక్కడ పనిచేయదు

కృత్తికలు దగ్గరివి కాబట్టి 1000 ÷ పారలాక్స్ హాయిగా పనిచేసింది. పారలాక్స్ తన ఎర్రర్‌కి కనీసం పది రెట్లు ఉంటేనే ఆ భాగహారాన్ని నమ్మండి. ఒక నక్షత్రం పారలాక్స్ 0.2, ఎర్రర్ 0.1 అనుకోండి. భాగిస్తే 5,000 పార్సెక్‌లు. కానీ అసలు పారలాక్స్ 0.3 అయితే దూరం 3,333, 0.1 అయితే 10,000. ఒకవైపు 1,700 తేడా, ఇంకోవైపు 5,000. అలాంటి చోట ఒక్క అంకె రాసి ఇదే దూరం అనకూడదు. అలాంటి నక్షత్రాలకి కొరిన్ బేలర్-జోన్స్ బృందం 2021లో సంభావ్యత ఆధారంగా లెక్కగట్టిన దూరాల పట్టిక ఉంది. అది వాడండి.

పారలాక్స్ మైనస్‌లో ఉన్నవి కూడా కోట్ల సంఖ్యలో కనిపిస్తాయి. అవి చెడిపోయిన డేటా కాదు. అసలు విలువ సున్నాకి దగ్గరగా ఉండి, కొలతలోని అటూ ఇటూ వల్ల కిందికి వెళ్లినవి. తప్పని వాటిని తీసేస్తే మిగిలినవాటి సగటు పైకి జరిగిపోతుంది.

మసక నక్షత్రాల దగ్గర జాగ్రత్త. జీ 15 లోపు ఎర్రర్ 0.02 నుంచి 0.03, 17 దగ్గర 0.07, 20 దగ్గర 0.5. మరీ ప్రకాశవంతమైనవీ ఇబ్బందే. 3 కంటే ప్రకాశవంతమైన నక్షత్రాల్లో కొన్ని పట్టికలోనే ఉండవు, ఉన్నా నమ్మకం తక్కువ. రోహిణి దూరం కావాలంటే ఈనాటికీ హిప్పార్కోస్ దగ్గరికే వెళ్లాలి.

డీఆర్3లో ఉన్నది 34 నెలల కొలతలే. తర్వాతి విడత డీఆర్4లో ఐదున్నరేళ్ల కొలతలు ఉంటాయి, దాన్ని 2026 డిసెంబర్‌లో విడుదల చేస్తామని ప్రకటించారు.

ఒంటరిగా చేసి చూడటానికి

ఇవే అడుగులు కర్కాటక రాశిలోని ఎం44 మీద వేయండి, మన పుష్యమి ఉన్న చోటే అది. వ్యాసార్ధం అదే 2 డిగ్రీలు, పారలాక్స్ షరతు 3 నుంచి 9. కదలికల గ్రాఫ్‌లో ముద్ద ఈసారి ఎడమవైపు, (-36, -13) దగ్గర ఉంటుంది. రూవే వడపోత వేసి, మీడియన్ తీసి, సున్నా తేడా సరిదిద్దాక దూరం 185 పార్సెక్‌ల దగ్గర రావాలి. 195 దాటినా, 175కి తగ్గినా, ముందు కదలికలకి మీరు పెట్టిన హద్దుల్ని ఇరుకు చేసి చూడండి. బయటి నక్షత్రాలు లోపలికి వచ్చి ఉంటాయి.